ఎర్ర వైరు ఎటువైపు?

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుర్చీలో కూర్చుని చదివాను. రెండోసారి మా ట్రక్కులో డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చిలైటు, గుండెల మీద ఫోను పెట్టుకుని చదివాను. నీ పాఠకుడు చదివేది ఆ రెండో పద్ధతిలోనే. ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్ బిగించడం గురించి తెలుగులో రాయాలనే ఆలోచన నాకు ఎంతో నచ్చింది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు పికప్ ట్రక్కులూ, క్యాంపింగ్ ట్రెయిలర్లూ కొంటున్నారు. పెట్టె విప్పాక లోపలి కాగితం చదివి అయోమయపడేవాళ్లను నేనే చూశాను. నువ్వు స్వయంగా బిగించి రాశావు కాబట్టి నీ మాటకు బరువుంది. కానీ ఆ బరువు కాగితం మీదికి ఇంకా దిగలేదు.

అమెరికా రహదారుల గొప్పతనం మీద రాసిన మొదటి రెండు పేరాలూ తీసెయ్యి. బాగా రాశావు, కానీ ఇక్కడ వాటికి చోటు లేదు. ఈ పెట్టె ఎందుకు కావాలో చెబుతూ మొదలుపెట్టు. దిగుడు బాటలో బరువు బండి ఎద్దుల మెడ మీదికి తోసుకొస్తుందని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 6,000 పౌండ్ల ట్రెయిలర్ ట్రక్కు మీదికి తోసుకొచ్చేదీ అలాగే. నువ్వు కాలితో తొక్కే బ్రేకు ట్రక్కును ఆపుతుంది. వెనకాల బండి తన బ్రేకు తానే వేసుకోవాలంటే దానికి ఎంత కరెంటు పంపాలో ఒకరు చెప్పాలి, ఆ పని కంట్రోలర్‌ది. ఇంతవరకూ నాలుగు వాక్యాల్లో చెప్పేసి పనిలోకి దిగు.

చట్టం సంగతి ఒక్క వాక్యంలో రాశావు, అదీ సగమే రాశావు. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కు బ్రేకులుండాలి. 15,000 పౌండ్ల లోపు వాటిని గంటకు 30 మైళ్లు మించకుండా లాగితే మినహాయింపు. ఇది టెక్సస్ లెక్క అనీ, రాష్ట్రానికో లెక్క ఉంటుందనీ రాయి. లేకపోతే నీ వ్యాసం చదివి ఎవరైనా కాలిఫోర్నియాకు బయలుదేరతారు.

నీ వ్యాసంలో అసలు లేని ప్రశ్న ఒకటుంది. కంట్రోలర్ కొనకముందే పాఠకుడిని అడగాల్సిన ప్రశ్న అది: మీ ట్రెయిలర్‌కున్నవి ఏ బ్రేకులు? ఈ పెట్టె కరెంటుతో పట్టే ఎలక్ట్రిక్ బ్రేకులకు. నీళ్లలో దిగే బోటు ట్రెయిలర్లకు చాలావాటికి సర్జ్ బ్రేకులుంటాయి. ట్రెయిలర్ ముందుకు తోసే బలమే కొక్కెం దగ్గరున్న మాస్టర్ సిలిండర్ని, అంటే బ్రేకు ఆయిల్‌ని తోసే గొట్టాన్ని, నొక్కుతుంది. వాటికి ఈ పెట్టెతో పని లేదు. ఇది చెప్పకపోతే నీ పాఠకుడి డబ్బు వృథా. చాలా కొత్త ట్రక్కుల్లో కంట్రోలర్ కంపెనీ నుంచే వస్తుంది కూడా. ఫోర్డ్ 2005 సూపర్ డ్యూటీతోనే మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు మీద ప్లస్సు, మైనస్సు గుర్తులూ, వేలితో నొక్కే మీటా ఉన్నాయేమో ముందు చూసుకోమను.

ఇక వైర్ల దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే.

నలుపు బ్యాటరీకి, తెలుపు ఎర్తుకి, ఎర్రది బ్రేకు స్విచ్చికి, నీలం వెనక ట్రెయిలర్‌కి అని రాశావు. ఒక్కటీ తప్పు కాదు. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే రాశాను. ఎర్ర వైరు బ్రేకు స్విచ్చికి కలపండి అని రాసి ఊరుకున్నాను. ఆ స్విచ్చికి రెండు వైపులున్నాయి. ఒకవైపు ఎప్పుడూ కరెంటుంటుంది, రెండోవైపు పెడలు తొక్కినప్పుడే వస్తుంది. చదివినాయన ఎప్పుడూ కరెంటుండే వైపు కలిపాడు. ఆయనది టైం డిలే రకం కంట్రోలర్, అంటే పెడలు తొక్కారన్న కబురు అందగానే ముందే పెట్టుకున్నంత కరెంటు దాకా పెంచుతూ పంపేది. బ్రేకు తొక్కే ఉన్నారనుకుని అది ట్రెయిలర్‌కు కరెంటు పంపుతూనే ఉంది. ముప్పై మైళ్లు పోయాక చక్రాల్లోంచి కాలిన వాసన వచ్చిందనీ, డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టలేకపోయాననీ ఫోన్ చేశాడు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారట. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, ఎర్ర వైరు ఎటువైపు కలపాలండీ అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆనాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. చెయ్యమన్న ప్రతి పనికీ పక్కనే, సరిగ్గా చేస్తే ఏం కనబడుతుందో, తప్పితే ఏం కనబడుతుందో రాస్తాను. ఎర్ర వైరు గురించి ఇప్పుడైతే ఇలా రాస్తాను: 'పెడలు మీద కాలు లేనప్పుడు మీటరు సున్నా చూపాలి, తొక్కితే పన్నెండు వోల్టుల దాకా రావాలి. తొక్కకుండానే పన్నెండు చూపితే అది ఎప్పుడూ కరెంటుండే వైపు, కలపొద్దు.' టెస్టు ల్యాంపు కాదు, మీటరే వాడమను. ఇప్పటి ట్రక్కుల్లో ఆ వైర్ల వెనక కంప్యూటర్లున్నాయి, ల్యాంపు లాగే కరెంటుకు అవి పాడవచ్చు. చాలా ట్రక్కుల్లో పెడలు పైభాగాన కంట్రోలర్ కోసమే ఒక సాకెట్టు ఉంటుంది. దానికి సరిపడే జంపరు వైరు కొంటే ఏదీ కోయనక్కర్లేదని మొదటే చెప్పు.

నల్ల వైరు దగ్గర బ్రేకరు సంగతి, అంటే కరెంటు హద్దు దాటితే తెగి వైరును కాపాడేదాని సంగతి, మరిచిపోయావు. ట్రెయిలర్ చక్రం డ్రమ్ములో బ్రేకు పట్టించేది కరెంటుతో పనిచేసే మాగ్నెట్టు, చక్రానికొకటి. ఒక్కో మాగ్నెట్టూ సుమారు మూడు ఆంపియర్లు లాగుతుంది. రెండు ఇరుసుల ట్రెయిలర్‌లో నాలుగు మాగ్నెట్లు, అంటే పన్నెండు ఆంపియర్లు. 20 ఆంపియర్ల బ్రేకరు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. మూడు ఇరుసులైతే 30. నంబరు ఒక్కటే ఇవ్వకు, పన్నెండు ఎలా వచ్చిందో కూడా చూపించు. లెక్క తెలిస్తే పాఠకుడు తన బండికి తానే వేసుకుంటాడు.

మాటల గురించి అడిగావు. నీ వ్యాసంలో భూసంధానం, విద్యుదయస్కాంతం, అనుసంధానిక కనబడి నాకు బాధేసింది. బెజవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా నిలబడి విను. ఎర్తు అందట్లేదు, లూజు కాంటాక్టు, షార్టయింది, ఫ్యూజు కొట్టేసింది అంటారు. బండి కింద పడుకున్న మనిషికి తక్షణం అర్థమయ్యే తెలుగు అది. అది నీకు వచ్చు, మీ నాన్నగారి నోట విన్నదే. దాన్ని తక్కువ భాష అనుకోకు.

రిపేరు భాగంలో నీ వ్యాసం మరీ పల్చగా ఉంది. 'కనెక్షన్లన్నీ చెక్ చేసుకోండి' అన్నావు. అలా అంటే పాఠకుడిని చీకట్లో వదిలేసినట్టే. ఏది ముందు, ఏది తర్వాత? కంట్రోలర్ షార్టు చూపిస్తే మొదట ట్రెయిలర్ ప్లగ్గు పీకమను. షార్టు గుర్తు పోతే తప్పు ట్రెయిలర్‌లో ఉంది, పోకపోతే ట్రక్కులో ఉంది. ఒక్క పనితో సగం బండి పక్కకు తప్పుకుంది. ట్రెయిలరే కనెక్ట్ కాలేదని చూపిస్తే ఏడు పిన్నుల ప్లగ్గు మూత తీసి లోపల పచ్చటి కిలుం పట్టిందేమో చూడమను. ఆపైన తెల్ల వైరు, అంటే ఎర్తు. ట్రెయిలర్ చట్రానికి బిగించిన చోట రంగూ తుప్పూ గీకి మెరిసే ఇనుము కనబడాలి. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరాయి.

నిలబెట్టినప్పుడు అంతా బాగుండి, రోడ్డెక్కాక మాత్రమే షార్టు చూపించే బండి ఉంటుంది. మనుషులను ఏడిపించేది అదే. చాలా ట్రెయిలర్లలో ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వెళ్లే వైరు ఇరుసు గొట్టం లోపలినుంచి పోతుంది. కుదుపులకు అది గొట్టం అంచుకు రాసుకుని, పైన తొడుగు అరిగి, లోపలి రాగి బయటపడుతుంది. బండి ఆగితే వైరూ ఆగుతుంది, షార్టు మాయం. నేనొకసారి అలాంటి వైరు బయటికి లాగితే, వేలి గోరంత మేర నీలం తొడుగు పోయి రాగి తళతళలాడుతోంది. ఆ గోరంత చోటు కోసం నాలుగు శనివారాలు పోయాయి. ఇలాంటిది నీకు జరిగితే అరపేజీ రాయి, ఎవరూ విసుక్కోరు.

మాగ్నెట్టు పనిచేస్తోందో లేదో డ్రమ్ము విప్పకుండా చూడాలంటే మామూలు దిక్సూచి చాలు. ఒకరు ట్రక్కు లోపల కంట్రోలర్ మీట నొక్కితే, చక్రం దగ్గర పట్టుకున్న దిక్సూచి ముల్లు కదలాలి. నాలుగు చక్రాల దగ్గరా చూడాలి. ఆంపియర్లు కొలవాలనుకుంటే వైరు చుట్టూ పట్టి కొలిచే క్లాంపు మీటరు కావాలని చెప్పు. మామూలు మల్టీమీటర్లలో చాలావాటి హద్దు పది ఆంపియర్లే, పన్నెండు పెడితే లోపలి ఫ్యూజు పోతుంది. తొమ్మిదే చూపిస్తే ఒక మాగ్నెట్టు పలకడం లేదన్నమాట.

గెయిన్, అంటే ట్రెయిలర్ బ్రేకులకు ఎంత జోరు ఇవ్వాలో, సెట్ చేసుకోవడం నువ్వే బాగా రాశావు. పొడి రోడ్డు, సమతల నేల, గంటకు 25 మైళ్లు, మీట నొక్కడం, చక్రాలు లాక్ అయ్యేదాకా పెంచి కాస్త తగ్గించడం. దాన్ని ముట్టుకోకు. లోడు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోమని ఒక్క మాట కలుపు.

బ్రేక్ అవే స్విచ్చిని వదిలేశావు, అది తప్పకుండా రావాలి. ట్రెయిలర్ ఊడిపోతే దాని సొంత బ్యాటరీతో బ్రేకులు పట్టించేది అదే. దాని తాడు ట్రక్కు చట్రానికి తగిలించాలి, సేఫ్టీ చెయిన్‌కి కాదు. పిన్ను పీకి పరీక్షించే ముందు ట్రక్కు ప్లగ్గు తీసెయ్యమను, లేకపోతే కంట్రోలర్ పాడవచ్చు.

తిరగరాశాక అచ్చుకు ఇవ్వొద్దు. వచ్చే శనివారం మా ఇంటికి రా. మా పక్కింటాయన కొత్తగా ట్రక్కు కొన్నారు, ఇంతవరకూ వైరు ముట్టుకోలేదు. బ్యాటరీ మైనస్ వైరు విప్పించి ఆయన్ని డ్యాష్‌బోర్డు కింద పడుకోబెడతాను. నువ్వు బయట నిలబడి నీ వ్యాసం చదువు, మధ్యలో ఒక్క మాట కూడా కలపకుండా. ఆయన చెయ్యి ఎక్కడ ఆగితే ఆ వాక్యం కింద గీత గియ్యి. దిక్సూచి నా దగ్గరుంది, మీటరు నువ్వు తెచ్చుకో.

ఆశీస్సులతో,
బాబాయ్