అబ్బాయి పార్టీలో హోల్‌టైమర్ అవుతా అంటున్నాడు, ఏం చెయ్యాలి?

ఖమ్మం జిల్లా నుంచి ఒక అమ్మగారు రాశారు. అబ్బాయి బీకాం అయ్యాక గ్రూప్-2 కోచింగ్‌కి హైదరాబాద్ పంపితే అక్కడ సీపీఎం యువజన సంఘం డీవైఎఫ్ఐలో తిరగడం మొదలుపెట్టాడంట, ఇప్పుడు ఇంటికొచ్చి సీపీఎంలో హోల్‌టైమర్‌గా, అంటే వేరే ఉద్యోగం లేకుండా పూర్తికాలం పార్టీ పని చేసేవాడిగా పోతా అంటున్నాడంట, వాళ్ల నాన్న మాట్లాడటమే మానేశారంట. ధర్నాలో ఒక కేసు కూడా అయింది. "వాడ్ని మాన్పించే మాట ఒక్కటి చెప్పండి సార్" అని అడిగారు.

అమ్మా, మాన్పించే మాట నేను చెప్పను. కానీ ఈ వయసులో తిండికి దారి చూసుకోకుండా హోల్‌టైమర్‌గా పొమ్మని కూడా చెప్పను. ఎందుకో వివరంగా రాస్తా, ఈ ఉత్తరం అబ్బాయికి కూడా చూపించండి.

ముందు అతనికి ఈ ఆలోచన ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. గ్రూప్-2కి 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, పరీక్ష వాయిదా మీద వాయిదా పడి చివరికి 2024 డిసెంబర్‌లో జరిగింది. మధ్యలో 2023 మార్చిలో పేపర్ లీకులు బయటపడ్డాయి, గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని కూర్చున్న పిల్లలకి ఇదంతా ఎలా ఉంటుందో ఊళ్లో ఉన్నవాళ్లకి అర్థం కాదు. అలాంటప్పుడు వచ్చి "ఇది నీ తప్పు కాదు, పోస్టులు నింపకపోవడం సర్కారు తప్పు, రా అడుగుదాం" అన్నవాళ్ల వెంట పిల్లలు పోతారు. డీవైఎఫ్ఐ 1980లో లూధియానాలో పుట్టినప్పటి నుంచి చెప్పేది ఇదే, అందరికీ పని కావాలని. మీవాడు చెడిపోలేదమ్మా, అది మాత్రం గట్టిగా చెప్తా. పదవి కోసం పోయేవాడు ఈ పార్టీకి పోడు కూడా, 2023 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో 19 చోట్ల ఒంటరిగా పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు.

కానీ బాబూ, నువ్వు కూడా విను. నిరుద్యోగం మీద పోరాడే పార్టీ నీకు ఉద్యోగం ఇచ్చే పార్టీ కాదు, ఇస్తానని వాళ్లెప్పుడూ చెప్పలేదు. అక్కడ మెంబర్ అవ్వాలంటేనే ఇద్దరు సభ్యులు సిఫార్సు చెయ్యాలి, తర్వాత ఏడాది క్యాండిడేట్ మెంబర్‌గా, అంటే పరిశీలనలో ఉండే సభ్యుడిగా ఉండాలి, ఆదాయాన్ని బట్టి పార్టీకి లెవీ కట్టాలి, ప్రతి ఏడాదీ సభ్యత్వం రెన్యువల్ ఉంటుంది, అప్పుడు నువ్వేం పని చేశావో చూస్తారు. కమిటీలో ఎంతైనా వాదించుకోవచ్చు గానీ మెజారిటీ నిర్ణయం అయ్యాక బయట ఒకటే మాట మాట్లాడాలి, నచ్చకపోయినా సరే. హోల్‌టైమర్‌కి ఇదంతా ఇంకా బిగువుగా ఉంటుంది, ఏ మండలం వెళ్లమంటే అక్కడికి వెళ్లాలి, పార్టీ ఇచ్చే కొద్దిపాటి అలవెన్స్‌తో బతకాలి. సీపీఎం పెద్ద నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేసి, భార్యాభర్తలిద్దరూ అనుకుని పిల్లల్ని కూడా వద్దనుకున్నారు, ఆ పార్టీలో క్రమశిక్షణ అంటే ఇప్పటికీ ఆయన్నే చూపిస్తారు. అంత చెయ్యాలని నిన్ను ఎవరూ అడగరు, కానీ అమ్మానాన్నల మందుల ఖర్చు, చెల్లెలి చదువు లాంటివి నీ మీద ఉంటే అవి అలవెన్స్‌తో గడవవు. రెండేళ్లకి ఇంట్లో గొడవపడి, అప్పు చేసి, పార్టీ మీద కూడా కోపంతో వెనక్కి వచ్చేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లు నిజాయితీగానే వెళ్లి ఉంటారు.

అందుకే నా సలహా, కార్మికుల పనికి పనికొచ్చేదీ, నీకు తిండి పెట్టేదీ ఒకటే అయ్యే చదువు చదువు. నా లెక్కలో మొదటిది లా. బీకాం ఉంది కాబట్టి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చెయ్యొచ్చు, అందులో లేబర్ లా మీద పట్టు తెచ్చుకో. ఎందుకంటే 29 కార్మిక చట్టాలని కలిపి నాలుగు లేబర్ కోడ్లు చేశారు, 2019, 2020లో పార్లమెంట్‌లో పాస్ అయ్యాయి. పాత చట్టంలో 100 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ మూసెయ్యాలంటే సర్కారు పర్మిషన్ కావాల్సి వచ్చేది, కొత్త కోడ్‌లో ఆ లెక్క 300కి పోయింది, ఏ కంపెనీలో అయినా సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని కూడా పెట్టారు. సీపీఎం వైపు కార్మిక సంఘం సీఐటీయూ వాళ్లు వీటిని వెనక్కి తీసుకోవాలని కొట్లాడుతున్నారు, సరే, కానీ ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పీఎఫ్ కట్టని ఓనర్ మీద కాగితం రాయాలంటే, ఆ కోడ్లు సెక్షన్లతో సహా తెలిసినవాడు కావాలి కదా. నినాదం ఇచ్చేవాళ్లు పదిమంది దొరుకుతారు, ఆ కాగితం రాసేవాడు దొరకడు. ఏపీలో అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం పెట్టారు, అలాంటప్పుడు నోటీసులకి జవాబు రాయడం దగ్గర నుంచి అన్నిటికీ లాయర్ పక్కన ఉండాలి.

రెండో దారి, నువ్వు ఇప్పటికే చదువుతున్న గ్రూప్-2నే. అందులో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి, చాలామంది వీటిని ప్రిఫరెన్స్‌లో కింద పెడతారు, నువ్వు పైన పెట్టు. ఒక విషయం మాత్రం దాచను, గవర్నమెంట్ ఉద్యోగం వచ్చాక కాండక్ట్ రూల్స్ ప్రకారం పార్టీలో ఉండకూడదు, డీవైఎఫ్ఐ కూడా వదులుకోవాలి. అది నీకు ఒప్పుకోలేనంత పెద్దది అయితే లా వైపే పో. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో లేబర్ స్టడీస్ కూడా ఉన్నాయి గానీ నీ ఇంటి పరిస్థితికి లా దగ్గర దారి.

ఇక ఆ కేసు సంగతి. అమ్మా, దీనికి మీరు ఎక్కువ భయపడుతున్నారు, అబ్బాయి తక్కువ భయపడుతున్నాడు. ధర్నా కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు, దాస్తే పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫామ్‌లో అడిగింది నిజం రాయాలి, చిన్న వయసులో నినాదాలు ఇచ్చిన లాంటి చిన్న కేసుల్ని ఉద్యోగం ఇచ్చేవాళ్లు క్షమించి వదిలెయ్యొచ్చు అని. అది వాళ్ల ఇష్టం మీద ఉంటుంది, గ్యారంటీ కాదు. కాబట్టి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని పెట్టుకో, వాయిదాలకి తప్పకుండా వెళ్లు, ఏ సెక్షన్లు పెట్టారో వకీలుని అడిగి రాసుకో. ఇకమీదట ధర్నాకి వెళ్లినా రాళ్లు, అద్దాలు పగలగొట్టడాలు ఉన్న దగ్గర నిలబడకు, ఆ సెక్షన్లు వేరే.

పార్టీ పని మానెయ్యక్కర్లేదు. చదువుకుంటూ పార్టీ శాఖలో పని చెయ్యొచ్చు, సాయంత్రం హమాలీ సంఘం మీటింగ్‌కి వెళ్లొచ్చు, ఎల్ఎల్‌బీ అయ్యాక కూడా హోల్‌టైమర్‌గా పోవాలనే అనిపిస్తే అప్పుడు పో, అప్పటికి చేతిలో వృత్తి ఉంటుంది కాబట్టి ఇంట్లో కూడా ఇంత గొడవ ఉండదు. ఈ మాట మీ మండల కార్యదర్శి దగ్గర కూడా అను, ఆయనేమంటాడో చూడు. చదువు పూర్తి చేసుకుని రమ్మని చెప్పే నాయకుడైతే ఆయన మాట విను, చదువు ఎందుకు ఇప్పుడే వచ్చెయ్ అంటే మాత్రం ఆగు.

అమ్మా, నాన్నగారితో మీరు చెయ్యాల్సింది ఒకటే, లాసెట్ ఫీజు, కాలేజీ ఫీజు ఆయన చేత ఇప్పించండి. అబ్బాయి డిగ్రీ మార్కుల మెమో, కేసు ఎఫ్ఐఆర్ కాపీ నాకు పంపమనండి, ఏ కాలేజీలు పెట్టుకోవాలో చూసి అతనికే నేరుగా రాస్తా.