టెక్ సందేహాలు: ఇన్‌స్టాలో ఆకాశరామన్న ఉత్తరాలు

*మా పాప తొమ్మిదో తరగతి. పేరు కనబడకుండా మెసేజ్‌లు పంపే యాప్ ఒకటి వేసుకుని, దాని లింక్‌ను ఇన్‌స్టా స్టోరీలో పెట్టింది. అప్పటి నుంచి సరిగా అన్నం తినడం లేదు. ఫోన్ చూస్తే ‘నువ్వేం చేశావో నాకు తెలుసు’ అని మెసేజ్ ఉంది. ఎవరు పంపారో చూపాలంటే వారానికింత అని డబ్బు కట్టమంటోంది. కట్టమంటారా?*
*– ఓ తల్లి, అనంతపురం*

కట్టొద్దమ్మా. అసలు దాన్ని పంపింది మనిషేనని కూడా నమ్మకం లేదు.

ఈ రకం యాప్‌లలో బాగా పేరున్న ఎన్‌జీఎల్ మీద అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఎఫ్‌టీసీ, లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ అటార్నీ కలిసి కేసు పెట్టారు. స్నేహితులే రాసినట్టు కంపెనీయే మెసేజ్‌లు తయారుచేసి పిల్లలకు పంపేదన్నది ముఖ్యమైన ఆరోపణ. వాళ్లు చూపించిన ఉదాహరణల్లో ‘నువ్వేం చేశావో నాకు తెలుసు’ అన్నదీ ఉంది! పిల్ల బెదురుతుంది, ఎవరో తెలియకపోతే నిద్రపట్టదు. సరిగ్గా అప్పుడే వారానికి 9.99 డాలర్ల వరకు కట్టమని స్క్రీన్ వస్తుంది. పోనీ కడితే పేరు చెబుతారా అంటే అదీ లేదు. ఎన్ని గంటలకు పంపారు, ఆండ్రాయిడా ఐఫోనా, ఏ ప్రాంతం నుంచి అన్న క్లూలే. మోసపోయామని మొత్తుకున్నవాళ్లను చూసి కంపెనీ పెద్దలు నవ్వుకున్నారని కూడా ఎఫ్‌టీసీ చెప్పింది. చివరకు 2024 జులైలో 50 లక్షల డాలర్లు కట్టడానికి, 18 ఏళ్లలోపు వాళ్లకు యాప్ ఇవ్వకుండా ఉండటానికి కంపెనీ ఒప్పుకుంది. మీ పాప ఫోన్‌లో ఉన్నది మరో యాప్ కావచ్చు. వ్యాపారం మాత్రం ఇలాగే నడుస్తుంది.

పాప ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూడండి. అకౌంట్‌ది కూడా ఇదే కథ. యాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత యాప్ తీసేయండి. ఇన్‌స్టా బయోలో, హైలైట్స్‌లో లింక్ మిగిలిందేమో చూడండి. ఇవన్నీ చేసేముందు ఆ మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

క్లాసు సంగతులు, ఇంటి విషయాలు తెలిసినట్టు రాస్తే అది మనిషే. బెదిరింపులు ఉన్నా, ఫొటోలు అడిగినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పాప నగ్న ఫొటో ఏదైనా బయటకు పోయి ఉంటే, దాన్ని నెట్ నుంచి తీయించడానికి సాయపడే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దానికో డిజిటల్ గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. న్యాయం కోసమని ఆ ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. పిల్లల అశ్లీల చిత్రాలను ఎవరు పంపినా ఐటీ చట్టం 67బి కింద నేరమే.

ఇంకోమాట, ఫోన్ లాక్కోకండి. ఈసారి మీ కంటబడింది. లాక్కుంటే వచ్చేసారి దాచిపెడుతుంది.

*సార్, నేను ఇంటర్ సెకండియర్. ఫ్రెండ్స్ పందెం కడితే క్లాసులో ఒకమ్మాయికి పేరు లేకుండా ఏదో రాశాను. ఆమె రెండ్రోజులుగా కాలేజీకి రావట్లేదు. ఒకటే టెన్షన్. నా పేరు బయటపడుతుందా?*
*– కర్నూలు*

తమ్ముడూ, నీ పేరు దాచింది ఆ అమ్మాయి నుంచి మాత్రమే. కంపెనీ సర్వర్‌కు నీ ఐపీ అడ్రస్, ఫోన్ వివరాలు తెలుస్తాయి. పోలీసులు అడిగితే అక్కడి నుంచి నీ నెట్ కంపెనీ దాకా రావచ్చు. అంతదాకా కూడా అక్కర్లేదు. ఆమె డబ్బు కట్టి ‘కర్నూలు, ఐఫోన్, రాత్రి పదిన్నర’ అన్న క్లూలు తెచ్చుకుంటే, మీ క్లాసులో ఐఫోన్లు ఎందరి దగ్గరున్నాయి? పైగా పందెం కట్టిన ఫ్రెండ్స్ ఉండనే ఉన్నారు.

విస్పర్ అని గుట్టు చెప్పుకునే యాప్ ఉండేది. దాని డేటా పాస్‌వర్డ్ కూడా లేకుండా పడి ఉందని 2020లో బయటపడింది. రాసినవాళ్లు ఏ చోట ఉన్నారో కూడా అందులో ఉంది.

రాసింది బెదిరింపైతే విషయం ఇంకా గట్టిది. భారతీయ న్యాయ సంహితలో 351(4) కింద, పేరు దాచి బెదిరిస్తే మామూలు శిక్షకు అదనంగా మరో రెండేళ్ల దాకా పడొచ్చు. పేరు దాచినందుకు చట్టం జాలి చూపదు, ఇంకాస్త వడ్డిస్తుంది.

దొరుకుతావా లేదా అన్న లెక్క పక్కనపెట్టు. ఆమె ఇప్పుడు క్లాసులో అందరినీ అనుమానిస్తూ ఉంటుంది. మీరు నమ్మే లెక్చరర్ ఒకరిని వెంటపెట్టుకుని వెళ్లి, రాసింది నేనేనని చెప్పు. అదే యాప్‌లో పేరు లేకుండా ‘సారీ’ కొట్టావంటే ఆమెకు ఇంకో భయం తోడవుతుంది.

*మా వాడి ఫోన్‌లో ఇలాంటి యాప్‌లు రాకుండా ఆపొచ్చా?*
*– ప్రొద్దుటూరు*

సగం ఆపొచ్చు. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే, ప్లే స్టోర్‌లో కొత్త యాప్ దించుకోవడానికి మీ అనుమతి అడిగేలా చేయొచ్చు. కానీ వేరేవాళ్లు పెట్టిన లింక్‌లో రాయడానికి యాప్‌తో పనిలేదు, బ్రౌజర్ చాలు. టెలిగ్రామ్‌లో ఇదే పని చేసే బాట్‌లు (వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లు) ఉన్నాయి, వాటికి కొత్త యాప్ దించే పనే ఉండదు. యాప్ పేర్లు గుర్తుపెట్టుకుని లాభం లేదు. ఇలాంటిదే అయిన సరాహా యాప్‌ను 2018లో ఆపిల్, గూగుల్ రెండూ స్టోర్ల నుంచి తీసేశాయి. 2021లో యోలో, ఎల్ఎంకే యాప్‌లను స్నాప్‌చాట్ తన దగ్గర ఆపేసింది. ఆ జాగాలో వేరేవి వచ్చాయి. కాబట్టి వాడి స్టోరీలో ‘నన్ను ఏదైనా అడగండి’ అన్న లింక్ కనబడితే, అది ఏ యాప్‌దో వాణ్నే అడగండి.