పక్క టేబుల్ ఆవిడ

నాన్నా,

ప్రభువు నామంలో నీకు శుభాలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సండేస్కూలు, యూత్ మీటింగు, బుధవారం ఇళ్లలో కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన అన్నీ నువ్వే తలకెత్తుకున్నావట. ఉద్యోగం మాత్రం మానవట. చిన్నప్పుడు ప్రార్థనలో నా ఒళ్లో నిద్రపోయి "ఆమేన్"కి మాత్రం ఉలిక్కిపడి లేచేవాడివి. ఆ పిల్లాడేనా అని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక ఒకటే టెన్షన్, నిద్ర పడితే ఒట్టు. అందుకే ఈ ఉత్తరం.

ప్రార్థన గురించి, వాక్యం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేవడం నేర్చుకో, చాలు. లేవీయకాండంలో బలిపీఠం మీదికి అగ్ని యెహోవా సన్నిధి నుంచే వచ్చింది. అంత నిప్పుకీ రోజూ ఉదయం యాజకుడు కట్టెలు వెయ్యాల్సిందే. నీ ఉత్సాహం ఆయనిచ్చిందే, కాదనను. కట్టెలు మాత్రం నువ్వే వేసుకోవాలి.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలీదు.

నీ వయసులో నాకు నీకంటే ఎక్కువ ఊపు. ఆఫీసు ఐదున్నర దాకా అయితే ఐదు కాకుండానే బ్యాగు సర్దేదాన్ని. పక్క టేబుల్ ఆవిడ విశ్వాసి కాదు, నెమ్మదస్తురాలు. "ఈ రిజిస్టరు కాస్త పూర్తి చేసెయ్యండి, నాకు మీటింగుంది" అంటే "సరేనండీ" అనేది. మొదట్లో వారానికోసారి, పోనుపోను మూడుసార్లు. అది తప్పని నాకు తట్టనే లేదు. పైగా ప్రభువు నాకు దారి తెరుస్తున్నాడని సాక్ష్యం చెప్పాను, మైకు పట్టుకుని! ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఒక నెలాఖరున ఆవిడ వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంది. "ఈ ఒక్కరోజు నా పని మీరు చూస్తారా?" అని అడిగింది. అంతకుముందెప్పుడూ నోరు తెరిచి ఏమీ అడగని మనిషి. ఆ సాయంత్రం పాటలు నడిపించాల్సింది నేను. "మీ అమ్మగారి కోసం తప్పకుండా ప్రార్థన చేస్తానండీ" అని వచ్చేశాను. చేశాను కూడా, కన్నీళ్లతో. ఆవిడ నా పనీ తన పనీ ముగించుకుని వెళ్లేసరికి లోపలికి పంపించే టైము అయిపోయింది. రాత్రంతా బయట బల్ల మీదే కూర్చుందని మర్నాడు ఎవరో చెబితే తెలిసింది. తల్లి కోలుకుంది, దేవునికి స్తోత్రం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.

కొన్ని నెలలకి, ఏ మొహం పెట్టుకునో, ఆవిణ్ణి చర్చికి పిలిచాను. నవ్వింది. "మీరు మీ దేవుడికి చేసిన సేవలో సగం నేనే చేశాను కదండీ" అంది.

మంచి సమరయుడి ఉపమానంలో, దారిపక్కన దెబ్బలు తిని పడున్న మనిషిని చూసి కూడా యాజకుడూ, గుడి సేవ చేసే లేవీయుడూ ఎందుకు ఆగలేదో యేసు చెప్పలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ చేతిలో పాటల పుస్తకంతో హడావుడిగా వెళ్తున్నట్టే కనిపిస్తారు.

క్షమించమని అడగడానికి వారం పట్టింది. ఆ తర్వాత రెండు నెలలు సాయంత్రాలు కూర్చుని నా పనితో పాటు ఆవిడదీ చేశాను. ఇంకెవరో పాటలు నడిపించారు, నాకంటే బాగా. అదీ కాస్త గుచ్చుకుందిలే. ఆవిడ చర్చికి రాలేదు, ఇప్పటికీ.

కొలొస్సయుల పత్రిక మూడో అధ్యాయంలో, ఏం చేసినా ప్రభువు కోసమని మనసారా చెయ్యమన్న వచనం నీకు కంఠతా వచ్చు. దాని పై వచనం చదివావా? "దాసులారా" అని మొదలవుతుంది. పౌలు ఆ మాట రాసింది పల్పిట్ ఎక్కేవాళ్లకు కాదు, యజమానుల కింద చాకిరీ చేసేవాళ్లకు. ఆయన కూడా కొరింథులో డేరాలు కుట్టినవాడే. అందుకని ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లావని నా చెవిన పడిందా, ఊరుకోను. ఎవరైనా నీ పని చేసి పెడుతుంటే ముందు వాళ్ల బాకీ తీర్చు.

బుధవారం కూడికలు ఇంకొకరికి అప్పగించు. ఒక్కడివే అన్నీ మోస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని యిత్రో చెబితే మోషే అంతటివాడు విన్నాడు. ఆయన మామగారి మాట విన్నాడు, నువ్వు పెద్దమ్మ మాట వినలేవా?

శుక్రవారాలు అర్ధరాత్రి వచ్చి ఏమీ తినకుండా పడుకుంటున్నావట. ఉపవాసం ముగిశాక కూడా తినకపోవడం ఏం భక్తి? ఇక చచ్చిపోతానని ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు, లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. నిన్ను లేపడానికి మీ అమ్మ ఉంది, పాపం ఆవిణ్ణి రాత్రి పన్నెండింటి దాకా కూర్చోబెట్టకు.

కోప్పడ్డానని మొహం ముడుచుకోకు. నీ పేరు చెప్పి ప్రార్థన చెయ్యని రోజు నాకు లేదు. సండేస్కూల్లో మొదటి క్లాసు అవగానే ఫోన్ చేసి, పిల్లలు ఏం అడిగారో, నువ్వు ఎక్కడ తడబడ్డావో అన్నీ చెప్పు. రాత్రి పది దాటితే మాత్రం చెయ్యకు, తినేసి పడుకో.

నీ పెద్దమ్మ