లౌటర్‌బ్రున్నెన్‌కి పెద్దవాళ్లు, పిల్లాడితో మే చివర్లో వెళ్తే ఎక్కడ ఉండాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి

మే చివరి వారంలో అమ్మానాన్న, ఏడేళ్ల బాబుతో స్విట్జర్లాండ్ వస్తున్నాం, ఆల్ప్స్ కొండల మధ్య జలపాతాల లోయ లౌటర్‌బ్రున్నెన్‌కి ఒక్క రోజు సరిపోతుందా, దగ్గరలోని ఇంటర్‌లాకెన్‌లో రూమ్ తీసుకుని వెళ్లొస్తే చాలా, యుంగ్‌ఫ్రౌ మంచుకొండ మీదికి రైలు టికెట్లు ఇప్పుడే కొనేయాలా, అమ్మ ప్యూర్ వెజ్ ఎలా అని అడిగారు కదా. మేం బాసెల్ దగ్గర ఉంటాం, ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అడిగేది మంచుకొండలే, అందుకని మా పేరెంట్స్, అత్తమామలు, ఫ్రెండ్స్ ఫ్యామిలీలు అందరినీ తీసుకుని ఆ లోయకి చాలాసార్లే వెళ్లాం, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

ముందు అసలు మాట. ఒక్క రోజు పెట్టుకోకండి. కనీసం మూడు రాత్రులు, వీలైతే నాలుగు, ఆ లోయలోనే ఉండండి, అవసరమైతే ప్యారిస్‌లోనో ఇంకోచోటో ఒక రోజు తగ్గించుకోండి. ఎందుకంటే అక్కడ అంతా వాతావరణం మీదే ఉంటుంది. ఊళ్లో ఎండ కాస్తూ ఉంటుంది, పైన 3,454 మీటర్ల ఎత్తులో రైలు ఆగే యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ దగ్గర మాత్రం ఎదురుగా ఉన్న మనిషి కనపడనంత మబ్బు. టికెట్ ఏమో డిస్కౌంట్ లేకపోతే మనిషికి 200 ఫ్రాంక్‌లు దాటుతుంది, నలుగురు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు అంటే ఆ లెక్క ఎంతవుతుందో మీరే చూసుకోండి. టూర్ బస్సుల్లో వచ్చేవాళ్లకి వేరే దారి లేదు, వాళ్లకిచ్చిన రోజున మబ్బున్నా వానున్నా ఎక్కాల్సిందే. మీరు సొంతంగా వస్తున్నారు, ఆ వీలుని వదులుకోవద్దు.

కాబట్టి టికెట్ ఇప్పుడే కొనకండి. అక్కడికి వెళ్లాక రోజూ పొద్దున్నే లేచి పైన పెట్టిన లైవ్ కెమెరాలు చూడండి, యుంగ్‌ఫ్రౌయోఖ్‌కీ, చుట్టూ ఉన్న షిల్ట్‌హార్న్, మెన్‌లిఖెన్ శిఖరాలకీ అన్నిటికీ ఉన్నాయి, ఫోన్‌లోనే ఫ్రీగా కనిపిస్తాయి, చాలా హోటళ్లలో టీవీలో కూడా వస్తాయి. ముందు రోజు రాత్రి స్విస్ వాతావరణ శాఖ మెటియోస్విస్ యాప్‌లో ఫోర్‌కాస్ట్ చూసి ఒక అంచనాకి రండి, పొద్దున కెమెరాలో నీలం ఆకాశం కనపడితే అప్పుడు టికెట్ కొని బయల్దేరండి. సీజన్‌లో పైకి వెళ్లే రైలుకి సీట్ రిజర్వేషన్ విడిగా ఉంటుంది, మొదటి ట్రైన్లలో అయితే సాధారణంగా దొరుకుతుంది, పదిగంటల తర్వాతే కష్టం. నాలుగు పొద్దులు చేతిలో ఉంటే వాటిలో ఒక్కటైనా మంచిది దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. మబ్బున్న రోజుకి లోయలో చూడాల్సినవి వేరే ఉన్నాయి, అవి కింద చెప్తా.

ఇక ఎక్కడ ఉండాలి. ఇంటర్‌లాకెన్ పెద్ద ఊరు, ఇండియన్ రెస్టారెంట్లు ఉంటాయి, రూములు ఎక్కువ, యశ్ చోప్రా విగ్రహం కూడా అక్కడే ఉంది, కానీ మీరు వచ్చేది లోయ కోసం కదా, ఆ లోయ తన అసలు అందం చూపించేది డే ట్రిప్ జనం రాకముందు పొద్దున, వాళ్లు వెళ్లిపోయాక సాయంత్రం. లౌటర్‌బ్రున్నెన్ చాలా చిన్న ఊరు, మెయిన్ రోడ్డు ఒక్కటే, పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆ రోడ్డంతా సెల్ఫీ జనమే. 2024లో అయితే పగటిపూట వచ్చిపోయే వాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకోవాలా అని కూడా అక్కడ చర్చ జరిగింది. అదే సాయంత్రం ఆరు దాటాక చూడండి. మే చివర్లో తొమ్మిది దాకా వెలుగుంటుంది, స్టౌబ్‌బాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్ల పైనుంచి కొండ అంచు దాటి పడుతూ ఉంటుంది, గాలి వీచినప్పుడల్లా నీళ్లు కిందకి రాకుండా పక్కకి తెరలా ఎగిరిపోతాయి. మా అమ్మ చర్చి దగ్గర బెంచీ మీద కూర్చుని గంటసేపు దాన్నే చూసింది, రా వెళ్దాం అంటే ఇంకాసేపు ఉందాం అంటుంది.

లౌటర్‌బ్రున్నెన్‌లో రూమ్ దొరక్కపోతే, లేదా ఇంకా ప్రశాంతంగా కావాలంటే పైన కొండ మీద వెంగెన్, మ్యూరెన్ అనే ఊళ్లు ఉన్నాయి, రెండిటికీ కార్లు పోవు. పెద్దవాళ్లతో అయితే నేను వెంగెనే చెప్తా. లౌటర్‌బ్రున్నెన్‌లో పళ్ల చక్రంతో పట్టాలని పట్టుకుని కొండెక్కే రైలు ఎక్కితే పావుగంటలో తీసుకెళ్తుంది, స్టేషన్ ఊరి మధ్యలోనే, సామాను ఎక్కువుంటే హోటల్ వాళ్లు చిన్న ఎలక్ట్రిక్ బండి పంపిస్తారు, ముందే మెయిల్ పెడితే చాలు. మ్యూరెన్ నాకు మనసులో ఇంకా ఇష్టం, కిటికీ తీస్తే ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ పర్వతాలు మూడూ ఎదురుగా ఉంటాయి, కాకపోతే కేబుల్ కార్ ఎక్కి గ్రూట్ష్‌ఆల్ప్‌లో దిగి మళ్లీ చిన్న ట్రైన్ ఎక్కాలి, నాలుగు పెద్ద సూట్‌కేసులతో అది విసుగే. మ్యూరెన్‌కి ఒక మధ్యాహ్నం వెళ్లి రండి, ఓపికుంటే అక్కడి నుంచి గిమ్మెల్‌వాల్డ్ అనే చిన్న ఊరికి దిగండి, కేబుల్ కార్‌లోనే దిగొచ్చు, కొట్లో మనుషులు లేకుండా డబ్బాలో డబ్బులు వేసి వస్తువు తీసుకునే షాపు ఉంటుంది, పిల్లలకి భలే నచ్చుతుంది.

రైల్లో ఒక చిన్న విషయం, ఇది తెలియక చాలామంది కంగారు పడతారు. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి వచ్చే ట్రైన్ త్స్వైలూట్షినెన్ అనే స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది, ఒకటి లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకోటి పక్క లోయలోని గ్రిండెల్‌వాల్డ్‌కి పోతుంది. ఎక్కేముందు బోగీ మీద ఊరి పేరు చూసుకుని అందరూ ఒకే ముక్కలో కూర్చోండి. నాన్నగారు కిటికీ సీటుందని పక్క బోగీలోకి వెళ్లిపోకుండా చూసుకోండి.

మే చివర్లో వస్తున్నారు కాబట్టి ఒకటి అర్థం చేసుకోండి, అది కింద వసంతం, పైన ఇంకా చలికాలమే. పైన మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి జలపాతాలన్నీ నిండుగా ఉండే టైమ్ అది, లోయలో గడ్డి నిండా పసుపు, తెలుపు పూలు. కానీ 2,000 మీటర్ల మీద నడిచే దారులు చాలావరకు మంచు కిందే ఉంటాయి, మెన్‌లిఖెన్ నుంచి ఐగర్ కింద ఉండే క్లైనె షైడెగ్ స్టేషన్‌కి నడిచే ఆ ఫేమస్ దారి జూన్‌లో గానీ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. కొన్ని కేబుల్ కార్లు, మ్యూరెన్ పైన ఆల్‌మెండ్‌హూబెల్ ఫ్యునిక్యులర్ (తాడుతో కొండ మీదికి లాగే రైలు) లాంటివి కూడా అప్పటికి మొదలవకపోవచ్చు, ఏడాదేడాదికీ తేదీలు మారతాయి, ఏది ఎప్పుడు తెరుస్తారో వాళ్ల సైట్లలో చూసి ఆ తర్వాతే బాబుకి ఆశపెట్టండి. క్లైనె షైడెగ్‌కి రైలు మాత్రం ఏడాదంతా ఉంటుంది.

పెద్దవాళ్ల సంగతి. యుంగ్‌ఫ్రౌయోఖ్ దగ్గర గాల్లో ఆక్సిజన్ కింద ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే అందుతుంది. గుండె జబ్బు, బీపీ, ఊపిరి సమస్య ఉంటే బయల్దేరేముందే మీ డాక్టర్‌ని అడక్కుండా పైకి తీసుకెళ్లొద్దు. వెళ్లేటప్పుడు గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్‌లో పై రైలు స్టేషన్ దాకా పావుగంటలో ఎక్కేయకుండా వెంగెన్, క్లైనె షైడెగ్ మీదుగా రైల్లో నిదానంగా వెళ్లండి, మధ్యలో దిగి టీ తాగి కాసేపు కూర్చోండి, ఒంటికి అలవాటవుతుంది. వచ్చేటప్పుడు ఐగర్ ఎక్స్‌ప్రెస్‌లో దిగండి. యుంగ్‌ఫ్రౌయోఖ్‌కి వెళ్లే ఆ పై రైలు దారి 1912లో పూర్తయింది, ఏడు కిలోమీటర్లకి పైగా కొండ లోపల సొరంగంలోనే పోతుంది, వందేళ్ల కిందట అంత ఎత్తులో కొండని తొలిచి కట్టారంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పైన గబగబా నడవొద్దు, పరిగెత్తొద్దని బాబుకి ముందే చెప్పండి.

డాక్టర్ వద్దంటే బాధపడక్కర్లేదు. క్లైనె షైడెగ్ 2,061 మీటర్లు, ఐగర్ గోడ నెత్తిమీదే నిలబడినట్టు ఉంటుంది, మే చివర్లో పక్కనే మంచు కూడా దొరుకుతుంది, ఖర్చు చాలా తక్కువ. మా మామగారిని అక్కడిదాకే తీసుకెళ్లాం, ఆయన దాంట్లో ఏ లోటూ ఫీలవలేదు, స్టేషన్ బయట ఎండలో కూర్చుని పర్వతం మీద మబ్బు కదులుతుంటే చూస్తూ ఉండిపోయారు.

మబ్బు రోజున ట్రుమ్మెల్‌బాఖ్‌కి వెళ్లండి. లౌటర్‌బ్రున్నెన్ నుంచి ష్టెఖెల్‌బెర్గ్ బస్సులో కాసేపే. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ గ్లేసియర్ల నీళ్లు కొండ లోపల పది జలపాతాలుగా దూకుతాయి, బాగా కరిగే టైమ్‌లో సెకనుకి 20,000 లీటర్ల దాకా. లోపల ఆ హోరుకి పక్కనున్నవాళ్ల మాట వినపడదు, చేయి గోడకి ఆనిస్తే అదురు తెలుస్తుంది. సగం దూరం లిఫ్ట్ ఉంది కానీ ఆ తర్వాత తడి మెట్లు ఉంటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే మెల్లగా, పట్టున్న బూట్లతో. నాలుగేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు, మీ బాబుకి పర్లేదు. అప్పటికీ టైమ్ ఉంటే ఇంటర్‌లాకెన్ పక్కనే ఉన్న బ్రియెంజ్ సరస్సు మీద పడవ ఎక్కండి.

తిండి గురించి. రెస్టారెంట్‌లో మామూలు ప్లేటే 20 నుంచి 30 ఫ్రాంక్‌లు, వెజ్ అంటే చీజ్, బంగాళదుంప, పాస్తా చుట్టూనే తిరుగుతుంది. రోష్టి (తురిమిన బంగాళదుంపని వేయించేది) బాగుంటుంది కానీ కొన్నిట్లో బేకన్ వేస్తారు, అడిగి తీసుకోండి. గ్రుయేర్ లాంటి పాతకాలం చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, అమ్మగారు అంత పట్టింపుగా ఉంటే ఈ విషయం ముందే తెలిసుండాలి. అందుకే కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, నా మాట వినండి, రోజంతా చలిలో తిరిగొచ్చాక వేడన్నంలో కందిపొడి కలుపుకుంటే పెద్దవాళ్ల ప్రాణం లేచొస్తుంది. బియ్యం, పెరుగు, కూరగాయలు కోప్ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. పొడులు, ఆవకాయ తెచ్చుకోండి, నెయ్యి, పాలకోవా లాంటి పాలతో చేసినవి మాత్రం వద్దు, ఇండియా నుంచి అవి తేవడానికి కస్టమ్స్ ఒప్పుకోదు. ఇక్కడ వెన్న కొని కాచుకోవడమే. నీళ్ల బాటిళ్లు కొనకండి, కుళాయి నీళ్లే తాగొచ్చు. కుక్కర్ తెచ్చుకుంటే ప్లగ్ చూసుకోండి, ఇక్కడి సాకెట్ ఆరు మూలలుగా లోపలికి ఉంటుంది, పెద్ద యూనివర్సల్ అడాప్టర్లు అందులో దూరవు.

స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే వెంగెన్, మ్యూరెన్ దాకా రైళ్లు, కేబుల్ కార్లు అందులోనే వచ్చేస్తాయి, ఆ పైన డిస్కౌంట్ మాత్రమే. బాబుకి ఫ్యామిలీ కార్డ్ ఫ్రీ, కొనేటప్పుడు అడగండి, కాకపోతే అది అమ్మ లేదా నాన్న వెంట ఉంటేనే చెల్లుతుంది, తాతయ్యతో ఒక్కణ్నే పంపితే కాదు.

ఇంకో మాట, ఇది మనవాళ్లకి చెప్పాలనిపిస్తుంది. ఫొటో కోసం రోడ్డు పక్క గడ్డిలోకి దిగొద్దు. అది ఖాళీ స్థలం కాదు, ఆవులకి చలికాలం మేత, మన వరి పొలంలో ఎవరో దిగి తొక్కితే మనకెలా ఉంటుందో వాళ్లకీ అంతే. రాత్రి పది దాటాక బాల్కనీలో వీడియో కాల్స్ గట్టిగా మాట్లాడొద్దు, ఆ లోయలో శబ్దం చాలా దూరం పోతుంది.

ప్యారిస్, స్విట్జర్లాండ్ రెండిటికీ ఒకే షెంగెన్ వీసా కాబట్టి, అది మీరు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అప్లై చేయాలి, లోయలో రాత్రులు పెంచితే ఆ లెక్క మారొచ్చు, కాబట్టి ముందు రాత్రులు ఖాయం చేసుకుని, క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూములు బుక్ చేసి, తర్వాత స్లాట్ తీసుకోండి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, మే అంటే మన సెలవుల రద్దీ, ఫిబ్రవరి దాటనివ్వకండి. వెంగెన్‌లో కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్లు కొన్నే, అన్నిటికంటే ముందు అయిపోయేవి అవే.