ఫ్రిగేట్ డిజైన్ చేస్తుందా, ఫ్రిగేట్ మీద పనిచేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. యుద్ధనౌకలంటే పిచ్చి. నోటుబుక్కుల చివరి పేజీలన్నీ నౌకల బొమ్మలే. ఓ రోజు ఫ్రిగేట్లు (మధ్యస్థాయి యుద్ధనౌకలు) డిజైన్ చేస్తానంటుంది, ఇంకో రోజు ఫ్రిగేట్ మీదే పనిచేస్తానంటుంది. మేం కంప్యూటర్ సైన్స్ చాలంటున్నాం. మెరైన్ ఇంజినీరింగ్‌లో చేర్పించమని ఒకరు సలహా ఇచ్చారు. ఆడపిల్లకు ఇందులో దారి ఉందా? ఏ కోర్సు మంచిది? (ఒక తండ్రి)

జవాబు: ముందుగా ఆ సలహా సంగతి. మెరైన్ ఇంజినీరింగ్ ప్రధానంగా సరుకు నౌకలూ ట్యాంకర్లూ నడిపే మర్చంట్ నేవీ కోసం పెట్టిన చదువు. పేరులో నేవీ ఉంది కదా అని చాలామంది తల్లిదండ్రులు దాన్ని నౌకాదళమే అనుకుంటారు. ఆ డిగ్రీతో నౌకాదళానికి దరఖాస్తు చేయడానికి వీలుంటుంది. కానీ మీ అమ్మాయి కోరుకుంటున్నదానికి అది దగ్గరి దారి కాదు.

ఇక అసలు విషయం. నౌకను గీసేవాళ్లు, కట్టేవాళ్లు, దాని మీద సముద్రంలోకి వెళ్లేవాళ్లు, ఈ ముగ్గురివీ మూడు రకాల బతుకులు. మీ అమ్మాయి మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఊగుతోంది. ఊగనివ్వండి. పదహారేళ్లకే తేల్చుకోవాల్సిన పని లేదు. అయితే రెండింటిలోనూ రోజువారీ పని ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలియాలి.

మన కొత్త నీలగిరి తరగతి (ఒకే డిజైన్‌తో కట్టిన నౌకల వరుస) ఫ్రిగేట్‌నే తీసుకోండి. పొడవు 149 మీటర్లు, బరువు సుమారు 6,670 టన్నులు. విమానాలు, నౌకలు, జలాంతర్గాములు, మూడింటినీ ఎదుర్కోవాలి. అందుకే నౌకల్ని కొట్టే బ్రహ్మోస్ క్షిపణులు, విమానాలను కూల్చే క్షిపణులు, 76 మి.మీ. గన్, టార్పెడోలు, నీళ్లలోని చప్పుళ్లను పట్టే సోనార్, హెలికాప్టర్‌కు హ్యాంగర్, వాటితోపాటు రెండు వందల పైచిలుకు మందికి పడక, తిండి, మంచినీళ్లు, అన్నీ ఆ జాగాలోనే పట్టాలి. కాబట్టి డిజైనర్ చేసే పని చాలావరకు బేరమే. రాడార్‌ను ఎంత ఎత్తున పెడితే అంత దూరం కనిపిస్తుంది. కానీ పైన బరువు పెరిగేకొద్దీ ఒరిగిన నౌక తిరిగి నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. శత్రువు రాడార్‌కు చిక్కకుండా పక్కలు వాలుగా ఉంచాలి, డెక్ మీద సామాను లోపలికి దాచాలి. దాచేకొద్దీ లోపల చోటు తరిగిపోతుంది. సోనార్‌కు జలాంతర్గామి చప్పుడు వినిపించాలంటే మన యంత్రాల మోత నీళ్లలోకి పోకూడదు. అందుకని వాటిని అదురు పీల్చుకునే దిమ్మల మీద కూర్చోబెడతారు. ఆ దిమ్మలకూ మళ్లీ బరువు, చోటు లెక్క తప్పదు. మామూలు ప్రయాణానికి డీజిల్, వేగం కావాల్సినప్పుడు గ్యాస్ టర్బైన్. రెండూ మోయాలి, కానీ ప్రొపెల్లర్ ఉండే ఒక షాఫ్టును ఒకసారికి ఏదో ఒకటే తిప్పుతుంది.

అమ్మాయికి బొమ్మ గీయడం ఇష్టమా, ఈ బేరం ఇష్టమా? తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. తేలే వస్తువు ఎందుకు బోల్తాపడుతుంది, మెటాసెంటర్ అంటే ఏమిటి, ఈ రెండూ తనంతట తానే చదివి మీకు వివరించమనండి. ఓ సాయంత్రమంతా దానిమీదే కూర్చుందంటే నావల్ ఆర్కిటెక్చర్, అంటే నౌకల డిజైన్ నేర్పే కోర్సు, ఆమె చదువే. ఈ బీటెక్ ఖరగ్‌పూర్, మద్రాస్ ఐఐటీల్లో ఉంది, కొచ్చిలోని కుసాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ)లో ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం కూడా ఉన్నాయి. తర్వాత షిప్‌యార్డుల డిజైన్ విభాగాల్లో చేరవచ్చు. లేదా నౌకాదళంలోనే నావల్ కన్‌స్ట్రక్టర్ అధికారి కావచ్చు. నన్నడిగితే మీ అమ్మాయి ఊగిసలాటకు సరిగ్గా సరిపోయేది ఇదే, యూనిఫాం వేసుకుని నౌకలు గీసే ఉద్యోగం. నౌకాదళానికి సొంతంగా వార్‌షిప్ డిజైన్ బ్యూరో ఉంది. 2025 ఆగస్టులో విశాఖలో దళంలో చేరిన ఉదయగిరి ఆ బ్యూరో గీసిన వందో నౌక. దానికి పేరు మన ఆంధ్రప్రదేశ్ కొండలదే, అమ్మాయికి చెప్పండి.

మీ కంప్యూటర్ సైన్స్ కూడా వృథా ఏమీ కాదు. ఇంజన్లు, కరెంటు, మంటలార్పే ఏర్పాట్లు, అన్నింటినీ ఒకచోట నుంచి నడిపేది సాఫ్ట్‌వేరే. లోహాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ చోటుంది. మన యుద్ధనౌకలకు వాడే ప్రత్యేక ఉక్కు హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ కృషి ఫలితం. విశాఖలోని నౌకాదళ సాంకేతిక పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్‌లో నౌకల నమూనాలను లాగి పరీక్షించే 500 మీటర్ల నీటి తొట్టి ఉంది. ఓపిక సంగతి మాత్రం ముందే చెప్పాలి. నీలగిరి తరగతి నౌకల ఒప్పందాలు 2015లో కుదిరాయి. మొదటి నౌక దళంలో చేరింది 2025 జనవరిలో. మూడు నెలల్లో యాప్ విడుదల చేసే సంతోషం ఈ రంగంలో దొరకదు.

కట్టే పని గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. ముంబై, కోల్‌కతా, గోవా, కొచ్చి, విశాఖ యార్డుల్లో డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లకూ మంచి పనులున్నాయి.

నౌక మీద ఉద్యోగం వేరే లోకం. నాలుగేసి గంటల వాచీలు (వంతులవారీ డ్యూటీలు), అర్ధరాత్రీ తెల్లవారుజామూ అని లేదు. మిగతా వేళల్లో యంత్రాల నిర్వహణ, మంటలార్పే కసరత్తులు, తనిఖీలు. ఫోన్ పలకని రోజులు బోలెడు. ఇంట్లో పెళ్లికీ పండక్కీ రాలేకపోవడం మామూలే. అధికారుల్ని ఒకే నౌక మీద ఏళ్లకేళ్లు ఉంచరు, మధ్యలో ఒడ్డు మీద పోస్టింగులు, కోర్సులు వస్తాయి. ఆడపిల్లల విషయానికొస్తే, 2022 నుంచి ఎన్డీఏలో (సైనిక అధికారుల శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) తీసుకుంటున్నారు. నీలగిరి తరగతిలో మహిళా అధికారులకూ నావికులకూ తగిన ఏర్పాట్లతోనే నౌక కట్టారు. 2023 డిసెంబరులో నౌకాదళం తన నౌకకు తొలి మహిళా కమాండింగ్ ఆఫీసర్‌ను ప్రకటించింది. కాబట్టి దారి ఉంది. రద్దీ మాత్రం ఇంకా తక్కువే. దాన్ని భయంగా చూస్తారో అవకాశంగా చూస్తారో మీ ఇష్టం.

ఇంటర్‌తో అధికారిగా చేరడానికి రెండు మార్గాలు. ఒకటి యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎన్డీఏ పరీక్ష. రెండోది నౌకాదళం 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. దీనికి జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తారు. ఇంటర్‌లో ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం, పదిలోగానీ ఇంటర్‌లోగానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. తర్వాత ఎస్ఎస్‌బీ (సైనిక అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ. ఎంపికైతే కేరళలోని ఎళిమల అకాడమీలో నౌకాదళం ఖర్చుతోనే బీటెక్. నావికులుగా చేరే నాలుగేళ్ల అగ్నివీర్ కొలువు కూడా ఉంది గానీ నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరికి మించి కొనసాగించరు. ఇంజినీరింగ్ మీద కన్నున్న పిల్లకు మొదటి ఎంపికగా దాన్ని నేను చెప్పను.

ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదని ఎందుకన్నానంటే, జేఈఈ మెయిన్ ఒక్కటి రాస్తే క్యాడెట్ ఎంట్రీకీ, ఐఐటీ నావల్ ఆర్కిటెక్చర్‌కు తొలి మెట్టుగానూ, మీరు కోరే కంప్యూటర్ సైన్స్‌కూ పనికొస్తుంది. దానితోపాటు రెండో సంవత్సరంలో ఎన్డీఏ రాయించండి. ఫలితాలు చేతికొచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్క జాగ్రత్త: ఎన్డీఏకి వయసు సుమారు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర వరకే. ర్యాంకు కోసం లాంగ్‌టర్మ్‌లో ఓ ఏడాది కూర్చోబెడితే ఆ తలుపు మూసుకుపోవచ్చు. నౌకాదళంలో సీటు ఇప్పిస్తామని డబ్బులడిగే ఏజెంట్లు తగిలితే గుమ్మంలోంచే పంపేయండి.

కోచింగ్ ఫీజు కట్టేముందు కళ్ల డాక్టరు దగ్గర రంగుల చూపు పరీక్ష చేయించండి. చుక్కల పుస్తకం చూపించి కొన్ని నిమిషాల్లో తేల్చేస్తారు. అందులో లోపం ఉందని సెలక్షన్ తర్వాత మెడికల్‌లో బయటపడితే, అప్పటిదాకా పడ్డ శ్రమంతా అక్కడే ఆగిపోతుంది.