సూది పరీక్షలో క్యాన్సర్ లేదన్నారు, మరి నీళ్లెందుకు కారుతున్నాయి?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఎడమ చెవి కింద మూడేళ్లుగా గడ్డ ఉంది, నొప్పి లేదు. అల్ట్రాసౌండ్‌లో 3 సెంటీమీటర్లు అన్నారు. ఏడాది కిందట ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సూది పరీక్ష చేస్తే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే గడ్డ, క్యాన్సర్ కాదని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై చాలని ఒక డాక్టర్, కోర్ బయాప్సీ కావాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది? సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా? వాపు ఎక్కువైనప్పుడు మెడికల్ షాపు మాత్రలు వాడుతున్నాను. రెండు నెలలుగా పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట మీరు ఆఖర్న రాశారు. మీ గడ్డ ఉన్న చోట, చెవి కింద పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంటుంది. ముఖాన్ని కదిలించే నరం దాని లోపలి నుంచే వెళ్తుంది. క్యాన్సర్ కాని గడ్డ ఎంత పెరిగినా సాధారణంగా ఆ నరాన్ని పక్కకు నెడుతుందే కానీ దెబ్బతీయదు. నీళ్లు కారేలా మూతి ఒక పక్క బలహీనపడిందంటే క్యాన్సర్ లేదని తేలేదాకా ఉందేమోనన్న అనుమానంతోనే చూడాలి. వేరే కారణం కూడా ఉండొచ్చు, చూడకుండా నేను తేల్చి చెప్పలేను. కానీ రెండు నెలలు ఊరుకోవడం మాత్రం తప్పండీ. ఈ వారంలోనే ఈఎన్‌టీ లేదా హెడ్ అండ్ నెక్ సర్జన్‌కు చూపించుకోండి.

ఏడాది కిందటి రిపోర్టు ఇప్పుడు సరిపోదు. ఎఫ్‌ఎన్‌ఏసీలో సన్న సూదితో కొన్ని కణాలే వస్తాయి. క్యాన్సర్ అని వస్తే చాలావరకు నమ్మొచ్చు, కాదని వస్తే అంత ధీమా పనికిరాదు. ప్లియోమార్ఫిక్ అడినోమాను ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో అందులోనే క్యాన్సర్ మొదలవుతుంది, సూది ఆ భాగానికి తగలకపోవచ్చు. కోర్ బయాప్సీలో చిన్న ముక్క వస్తుంది కాబట్టి గడ్డ రకం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ చేయించుకోండి. ఎమ్మారై గడ్డ పేరు ఖాయంగా చెప్పదు. ఎంత లోతుకు వెళ్లింది, నరం వెంట పాకిందా అన్నది చూపిస్తుంది. అంటే ఒకదానికి బదులు ఇంకొకటి కాదు, మీకు బహుశా రెండూ కావాలి. సూదితో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. కోసి ముక్క తీస్తామంటే మాత్రం సర్జన్‌తో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. నరం తెగే ప్రమాదం ఉంది, గడ్డ పొర చిరిగి కణాలు చుట్టూ చిందే ప్రమాదమూ ఉంది.

ఇక ఆ షాపు మాత్రలు. యాంటీబయాటిక్‌తో ఇలాంటి గడ్డ కరగదు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వాపు కాస్త తగ్గి, నయమవుతోందని మీరు మోసపోతారు. ఒకవేళ ఆ గడ్డ లింఫోమా (లింఫ్ కణాల్లో వచ్చే క్యాన్సర్) అయితే స్టెరాయిడ్ వల్ల బయాప్సీలో కూడా సరిగా దొరక్కుండా పోవచ్చు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది ఇలా మాత్రలతో నెట్టుకొచ్చినవాళ్లే. మీరూ ఆ దారిన వెళ్లొద్దు. ఆపేయండి, అయితే స్టెరాయిడ్ వారాల తరబడి వాడి ఉంటే డాక్టర్‌ను అడిగే మానాలి. ఖాళీ అట్టలు పారేయకుండా తీసుకెళ్లి చూపించండి. పాత ఎఫ్‌ఎన్‌ఏసీ స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి, మళ్లీ చదివించాలి. ఎడమ కన్ను పూర్తిగా మూతపడకపోతే వారం కూడా ఆగొద్దు, రేపే వెళ్లండి.