గాజు పోగుల లెక్క నేర్చుకుంటానంటే వద్దనకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పాలిమర్ కాంపోజిట్ల బలాన్ని కంప్యూటర్‌తో ముందే అంచనా కట్టే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. ప్లాస్టిక్ మీద చదివితే బతుకుతెరువు ఉంటుందా? సాఫ్ట్‌వేర్‌కు మారమంటే వినడం లేదు.

జవాబు: మార్చకండి. మిమ్మల్ని కలవరపెడుతున్నది ‘ప్లాస్టిక్’ అన్న మాట. గాలిమరల రెక్కలు, కొత్త విమానాల రెక్కలు, రాకెట్ మోటారు కేసింగులు పోగులను రెజిన్‌లో, అంటే గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌లో, బిగించి చేస్తున్నవే; కాంపోజిట్ అంటే అదే. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలల్లోనూ ఈ పని జరుగుతోంది.

వరంగల్ కొత్తవాడ దర్రీలో పడుగు, పేక చూసే ఉంటారు. ఇక్కడా పోగు ఎటు ఉందన్నదే ప్రాణం. గాజు పోగు దృఢత్వం సుమారు 72 గిగాపాస్కల్‌లు (దృఢత్వాన్ని కొలిచే ప్రమాణం), ఎపాక్సీ అనే రెజిన్‌ది 3. ఘనపరిమాణంలో నూటికి 60 పాళ్లు పోగులు ఒకే దిశలో పరిస్తే, ఆ దిశలో 44 వస్తుంది. అడ్డంగా లెక్కిస్తే 7 మాత్రమే! ఇంతవరకు కాగితం మీద తేలిపోతుంది. లోపల చిక్కుకున్న గాలి బుడగలు, పీల్చుకున్న తేమ, పోగుకూ రెజిన్‌కూ మధ్య సడలిన పట్టు బలాన్ని ఎంత దెబ్బతీస్తాయన్నది తేల్చడమే కష్టం. కొలిచిన అంకెల నుంచి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ అక్కడ పనికొస్తుంది.

నా బెంగ వేరే. ఎవరో కొలిచిన అంకెల పట్టిక తెచ్చి, 98 శాతం సరిపోయిందని చూపించే ప్రాజెక్టులు చాలా చూశాను. ఒకే పలక నుంచి కోసిన ముక్కల్లో కొన్నిటితో నేర్పి, మిగతా వాటితో పరీక్షిస్తే మోడల్ (అలా నేర్చుకున్న ప్రోగ్రామ్) ఆ పలకను గుర్తుపడుతుందే తప్ప పదార్థాన్ని కాదు. పరీక్షకు వేరే పలక ఉండాలి.

అందుకే ముందు అతన్ని కాలేజీ ల్యాబులో స్వయంగా ఒక పలక చేయమనండి. చిన్న ముక్కను తూచి, కొలిమిలో 565 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే రెజిన్ పోయి, మూసలో (క్రూసిబుల్‌లో) తెల్లటి గాజు గుడ్డ మిగులుతుంది, నేత కూడా కనిపిస్తుంది. మళ్లీ తూస్తే బరువులో పోగు వాటా తెలుస్తుంది; సాంద్రతలతో దాన్ని ఘనపరిమాణంలోకి మార్చాలి. చేత్తో పూసిన పలకలో 60 పాళ్లు రావడం అరుదని ఆ రోజే అర్థమవుతుంది.

ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, బీటెక్‌తో ఆగితే కష్టమే. ఎంటెక్ చేయాలి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపరు చూడమనండి: గణితం తప్పనిసరి, దానికి తోడు మెటీరియల్స్ సైన్స్, సాలిడ్ మెకానిక్స్, పాలిమర్ సైన్స్ వంటి వాటిలో రెండు ఎంచుకోవచ్చు. వరంగల్ ఎన్‌ఐటీలో మెటీరియల్స్ విభాగం మీ ఇంటికి దగ్గరే. ఈ ప్రాజెక్టుకు నేర్చుకునే పైథాన్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ అక్కరకొస్తుంది కాబట్టి మీరు కోరిన తలుపు కూడా మూసుకుపోదు.

ఈసారి అతను ల్యాబు నుంచి వచ్చినప్పుడు ఆ తూకాలు రాసుకున్న పుస్తకం చూపించమని అడగండి. ఏ అంకె ఎందుకు అలా వచ్చిందో మీకు విడమరిచి చెప్పగలిగితే, ఎంటెక్ ఫీజు గురించి మాట్లాడుకోండి.